‘గిండ్ల కొత్తేమున్నది?’

మీరొక పనిముట్టు తయారుచేశారనుకోండి. లేదా ఉన్న యంత్రానికే చిన్న మార్పు చేశారు, దాంతో పని సగానికి తగ్గింది. దాన్ని మొదట చూసేది పక్కింటాయనే. నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ ఒకసారి తిరిగి, "గిండ్ల కొత్తేమున్నది?" అంటాడు. చాలామంది అక్కడే నీరుగారిపోయి ఆ యంత్రాన్ని కొట్టంలో ఓ మూలకు తోసేస్తారు. ఇంకొందరు ఆ మాట చెవిన పెట్టరు. అప్పు చేసి మరీ పేటెంటుకు పరుగెత్తుతారు. కొంతకాలానికి చెన్నై పేటెంట్ ఆఫీసు నుంచి ఒక కాగితం వస్తుంది. సెక్షన్ల నంబర్లూ మర్యాదలూ తీసేసి చదివితే అందులో ఉన్నదీ పక్కింటాయన మాటే.

ఈ అధ్యాయమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే. ఎవరో అడిగేదాకా ఆగకుండా దాన్ని మన పని మీద మనమే వేసుకోవడం ఎలా, జవాబు దొరికితే కాగితం మీద నిలబెట్టడం ఎలా అన్నదే విషయం. ఏర్గట్ల, మోర్తాడ్, కమ్మర్‌పల్లి, వేల్పూర్ వైపు పాఠకులను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. పసుపు తవ్వే నాగలి, ఉడకబెట్టే బాయిలర్, పాలిష్ డ్రమ్ము... అక్కడ యంత్రం కొన్నవాళ్లు దాన్ని కొన్నట్టే ఉంచరు. వెల్డింగ్ షాపులో ఏదో ఒకటి అతికిస్తారు, ఏదో ఒకటి కోసేస్తారు. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా మొదలైంది కాబట్టి పసుపుతో కొత్తగా ఏదైనా చేయాలన్న ఉత్సాహం కూడా పెరిగింది. ఉత్సాహం మంచిదే. పెట్టుబడి పెట్టేముందు మాత్రం ఒక పాత కథ తెలిసి ఉండాలి.

అందరికీ తెలిసిందే, కానీ అచ్చులో ఉందా?

1993 డిసెంబర్ చివర్లో అమెరికాలో ఒక పేటెంట్ దరఖాస్తు పడింది. సారాంశం ఇంతే: గాయం మీద పసుపు వాడితే మానుతుంది. దరఖాస్తుదారులు సుమన్ కె. దాస్, హరిహర్ కోహ్లీ. ఇద్దరూ భారతీయ మూలాలున్నవాళ్లే, మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో పనిచేసేవాళ్లు. 1995 మార్చి 28న 5,401,504 నంబరుతో పేటెంట్ వచ్చేసింది.

ఈ కథను మనం సాధారణంగా ‘మన పసుపును అమెరికావాడు ఎత్తుకుపోయాడు’ అని చెప్పుకుంటాం. ఆవేశానికి బాగుంటుంది గానీ అందులో నేర్చుకోవడానికేమీ లేదు. ఆ పేటెంట్ పసుపు పండించడం మీద కాదు, అమ్మకం మీద కాదు, గాయానికి వాడే పద్ధతి మీద. అసలు అంత పాత సంగతికి పేటెంట్ ఎలా వచ్చింది? అప్పటి అమెరికా చట్టంలో ఒక మెలిక ఉంది. వేరే దేశంలో జనం ఒక పనిని ఎన్ని తరాలుగా చేస్తున్నా అది పాత విషయంగా లెక్కలోకి రాదు. ఆ సంగతి ఎక్కడైనా అచ్చయి ఉండాలి, లేదా పేటెంట్ అయి ఉండాలి. ఏర్గట్లలో ముల్లు గుచ్చుకున్న ప్రతి పిల్లవాడి కాలికీ నాయనమ్మ పసుపు అద్ది ఉండొచ్చు. నాయనమ్మ దాన్ని ఏ పత్రికలోనూ అచ్చు వేయించలేదు కాబట్టి వాషింగ్టన్‌లో కూర్చున్న పరిశీలకుడి లెక్కలో ఆ పని జరగనట్టే. ఈ నిబంధన 2013 మార్చిలో గానీ మారలేదు.

అందుకే మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి, సీఎస్ఐఆర్, ఊరేగింపు తీయలేదు, లైబ్రరీలకు వెళ్లింది. అప్పుడు దాని అధిపతి ఆర్.ఎ. మషేల్కర్. సంస్కృతం, ఉర్దూ, హిందీ గ్రంథాల్లోంచి, వైద్య పత్రికల్లోంచి మొత్తం 32 ఆధారాలు పోగుచేసి, 1996 అక్టోబర్‌లో పునఃపరిశీలన కోరింది. వాటిలో 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసం కూడా ఉంది.

అవతలివాళ్ల జవాబును మాత్రం నిదానంగా చదవాలి, మనకు పనికొచ్చేది అందులోనే ఉంది. వాళ్లు రెండు మాటలన్నారు. ఒకటి, పాత గ్రంథాల్లో ఉన్నది పసుపు ముద్ద, మేం చెప్పింది పొడి. ఒంట్లోకి ఇంకే తీరు రెండింటికీ వేరు, కాబట్టి ముద్ద పనిచేసిందని పొడి కూడా పనిచేస్తుందని ఎవరూ ముందే ఊహించలేరు. రెండు, లోపలికి తీసుకునే పసుపు గురించి పాత పుస్తకాల్లో తేనెతో కలిపి అని ఉంది, తేనెకే గాయం మాన్పే గుణం ఉంది కదా, పసుపు గొప్పేమిటి? వాదన తెలివైనదే. కానీ పరిశీలకుడు ఒప్పుకోలేదు. ముద్ద సంగతి తెలిసినవాడికి పొడి వాడి చూద్దామని తట్టడానికి పెద్ద ఊహ అక్కర్లేదన్నాడు. 1998 ఏప్రిల్ 21న ఆ పేటెంట్‌లోని ఆరు క్లెయిములూ, అంటే హక్కు కోరిన అంశాలన్నీ, రద్దయినట్టు ధ్రువపత్రం వచ్చింది.

మన చట్టం ఈ విషయంలో నాయనమ్మ పక్షమే. సెక్షన్ 25 ప్రకారం, ఒక సమాజంలో నోటిమాటగా ఉన్న జ్ఞానాన్ని చూపించి కూడా ఎవరైనా మీ దరఖాస్తును వ్యతిరేకించవచ్చు. సెక్షన్ 3(పి) సంప్రదాయ జ్ఞానానికి పేటెంటే ఇవ్వదు. రెండు తెలిసిన దినుసులు కలిపి, వాటి గుణాల మొత్తమే చూపిస్తే 3(ఇ) అడ్డం పడుతుంది. కాబట్టి పసుపులో వేప కలిపి ‘గాయాల లేపనం’ అని దరఖాస్తు వేసే ఆలోచన ఉంటే ఆ డబ్బు ఆపుకోండి. దినుసులు కలిసినప్పుడు విడివిడిగా ఉన్నదానికంటే ఎక్కువ ఫలితం వచ్చిందని కొలిచి చూపించగలిగితే అది వేరే సంగతి.

అన్నీ తెలిసిన ఊహా మనిషి

‘ఎవరికైనా తట్టేదే’ అంటారు. ఆ ‘ఎవరైనా’ ఎవరు? పక్కింటాయన కాదు. మీరు కూడా కాదు. చట్టంలో అతనొక ఊహా మనిషి. మీ వృత్తిలో ఓ మోస్తరు నైపుణ్యం ఉన్నవాడు, మేధావి కాదు. కానీ అతనికొక వరం ఉంది: ఆ వృత్తిలో ప్రపంచంలో ఎక్కడ ఏ భాషలో అచ్చయిందైనా సరే, అన్నీ చదివేశాడని లెక్క. గైల్స్ రిచ్ అనే అమెరికన్ న్యాయమూర్తి 1966లో ఈ మనిషికి ఒక రూపం ఇచ్చాడు. పాత ఆవిష్కరణలన్నీ చుట్టూ గోడలకు వేలాడుతుంటే మధ్యలో కూర్చుని పనిచేసుకునేవాడని.

అదే రిచ్ ముందుకు 1984లో కింబర్లీ-క్లార్క్, జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీల తగాదా వచ్చింది. విషయం శానిటరీ నాప్‌కిన్ వెనక లోదుస్తుకు అతుక్కునే జిగురు పట్టీలు. ఇందులో ఏముంది, ఎవరికైనా తట్టేదే అని కింది కోర్టు పేటెంట్‌ను కొట్టేసింది. పై కోర్టు ఆ నిర్ణయాన్ని తిప్పేసింది. ఆ సందర్భంలోనే రిచ్ ఒక సంగతి విడమరిచాడు: అసలు ఆవిష్కర్తకు గోడ మీదున్నవన్నీ తెలిసి ఉండాలన్న నియమం లేదు, అన్నీ తెలిసినవాడు ఆ ఊహా మనిషే.

మనకు దీనివల్ల ఒరిగేదేమిటంటే, ‘నేను ఎక్కడా చూసి చేయలేదు, నా బుర్రలో పుట్టింది’ అన్న మాట వాదనగా పనికిరాదు. నిజమే కావచ్చు, అయినా పనికిరాదు. గోడ మీద ఏమేం వేలాడుతున్నాయో మీరే వెళ్లి చూడాలి. గూగుల్ పేటెంట్స్ ఉచితం. మన పేటెంట్ ఆఫీసు వెతుకులాట సైటు ఇన్‌పాస్ కూడా ఉచితమే. తెలుగులో వెతికితే ఏమీ దొరకదు, ఇంగ్లీషు మాటలతోనే, ఒకే వస్తువుకు నాలుగైదు పేర్లు మార్చి మార్చి వెతకాలి. ఊళ్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలుంటే వాళ్లను కూర్చోబెట్టండి. పసుపు యంత్రాలైతే కమ్మర్‌పల్లి పసుపు పరిశోధన కేంద్రానికి వెళ్లి ‘ఇలాంటిది ఎక్కడైనా చూశారా’ అని అడగొచ్చు. ఎలా పనిచేస్తుందో మాత్రం అప్పుడే చెప్పకండి, కారణం తర్వాత వస్తుంది.

నాగలి కేసు

‘తట్టేదా, కాదా’ అన్న పరీక్షకు ఇప్పటికీ మూలంగా చెప్పుకునే తీర్పు మందుల మీదో కంప్యూటర్ల మీదో రాలేదు. నాగలి మీద వచ్చింది. గ్రాహం అనే అతనికీ జాన్ డీర్ కంపెనీకీ మధ్య. అమెరికా సుప్రీంకోర్టు 1966 ఫిబ్రవరి 21న తీర్పు చెప్పింది. మన ట్రాక్టర్ల వైపు జాన్ డీర్ పేరు తెలియనివాళ్లు లేరు కాబట్టి కొంచెం విడమరిచే చెప్తాను.

రాళ్ల నేలలో దున్నుతుంటే నాగలి కాడ రాయికి తగిలి విరిగిపోతుంది. గ్రాహం కాడను చట్రానికి పట్టి ఉంచే బిగింపులో స్ప్రింగు పెట్టాడు. రాయి తగిలితే కాడ పైకి లేచి, దాటాక మళ్లీ దిగుతుంది. దీనికి మొదట ఒక పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత అందులో చిన్న మార్పు చేశాడు: కీలు పలకకు పైన ఉండే కాడను కిందికి మార్చాడు. దీనికీ 1953లో ఇంకో పేటెంట్ వచ్చింది. తగాదా ఈ రెండో దాని మీద.

కోర్టు నాలుగు సంగతులు చూడాలంది. అప్పటికే ఏమేం ఉన్నాయి? వాటికీ దీనికీ తేడా ఏమిటి? ఆ వృత్తిలో సగటు పనివాడికి ఎంత తెలుసు? ఇవి కాక, మార్కెట్లో అమ్ముడుపోయిందా, చాన్నాళ్లుగా ఆ అవసరం తీరక ఉందా, వేరేవాళ్లు ప్రయత్నించి చేతులెత్తేశారా అన్నవి పక్క సాక్ష్యాలు. ఈ కొలతతో చూసి, కాడను పైనుంచి కిందికి మార్చడం పనివాడికి తట్టేదేనని పేటెంట్ కొట్టేసింది.

గ్రాహం తరఫువాళ్లు ఒక మంచి మాటే అన్నారు. కాడ కింద ఉంటే దాని పొడవంతా వంగుతుంది, అందుకే దెబ్బ బాగా తట్టుకుంటుందన్నారు. కానీ ఆ లాభం పేటెంట్ కాగితంలో ఎక్కడా లేదు. కోర్టు దాన్ని తర్వాత పుట్టిన ఆలోచనగా తీసేసింది. నా లెక్కలో కేసు మొత్తానికి మనకు అక్కరకొచ్చేది ఇదే. లాభం మీకు తెలుసు, మీ చేతులకు తెలుసు, దరఖాస్తులో రాయలేదు, అంటే లేనట్టే.

మన దేశంలో దీనికి జోడీ 1978 డిసెంబర్ 13న వచ్చింది. మీర్జాపూర్‌లో ఇత్తడి గిన్నెలు లేతు మీద తిప్పి నునుపు చేసే పద్ధతి మీద. హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ పేటెంట్ తీసుకుంటే బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ సంస్థ ఎదురు తిరిగింది. సుప్రీంకోర్టు ఆ పేటెంట్ చెల్లదంది. కార్ఖానాలో చేయి తిరిగిన పనివాడు రోజువారీగా చేసుకునే మెరుగులకు పేటెంట్ రాదు, తెలిసిన ముక్కల్ని పక్కపక్కన పేర్చడం ఆవిష్కరణ కాదు, ఆ కలయికలో అంతకు మించినదేదో ఉండాలని తేల్చింది. ఇప్పటి చట్టంలో సెక్షన్ 3(ఎఫ్) కూడా దాదాపు అదే అంటుంది. ఏ యంత్రం పని అది చేసుకుంటూ పోయేట్టు రెండు యంత్రాల్ని ఒకే చట్రం మీద ఎక్కిస్తే అది కొత్త అమరికే, కొత్త ఆవిష్కరణ కాదు. పసుపు తవ్వే నాగలి వెనక ఒక జల్లెడ తగిలించారనుకోండి. నాగలి తవ్వుతుంది, జల్లెడ మట్టి దులుపుతుంది. కథ అంతేనా? అంతే అయితే పేటెంట్ ఆశ వదులుకుని అమ్ముకోండి. అది కూడా గౌరవమైన పనే. జల్లెడ ఊపు వల్ల నాగలి కర్రుకు పడే బరువు తగ్గి కొమ్ములు విరగడం తగ్గిందా? అయితే ఆగండి, అక్కడ ఏదో ఉంది.

కుట్టు లేని అతుకు

జల్లెడ సంగతినే ఇంకో వస్తువు మీద దగ్గరగా చూద్దాం. పిల్లలకు తొడిగే ప్యాంటు రకం డైపర్‌కు పక్కలను చూడండి. దారం ఉండదు. ముందు ముక్కనూ వెనక ముక్కనూ జిగురుతోనో, వేడితోనో, అల్ట్రాసోనిక్ కంపనంతోనో కరిగించి అతికిస్తారు. ఆ అతుక్కు రెండు విరుద్ధమైన పనులు. పిల్లవాడు పరుగెత్తినా, తడిసి బరువెక్కినా ఊడకూడదు. విప్పేటప్పుడు మాత్రం తల్లి రెండు వేళ్లతో లాగితే చర్రున చిరగాలి. జిగురు పాతదే, వేడి పాతదే, కంపనం పాతదే, చిరిగే గీత పాతదే. మరి ఇందులో ఆవిష్కరణ ఎక్కడ? ఇలాంటి పిల్లల ప్యాంట్ల మీద కింబర్లీ-క్లార్క్, ఫస్ట్ క్వాలిటీ కంపెనీలు 2009లో కోర్టుకెక్కి ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాయంటే కారణం ఇదే. ఒకరు అతుకు అమరికలో కొత్తదనం ఉందంటారు, ఇంకొకరు పాత ముక్కల్ని పక్కపక్కన పెట్టి చూపించి ‘కలిపారు, అంతే’ అంటారు.

‘కలిపారు, అంతే’ అన్న మాటకు 2007 నుంచి బలం ఎక్కువైంది. ఆ ఏడాది ఏప్రిల్ 30న కేఎస్ఆర్, టెలిఫ్లెక్స్ కంపెనీల కేసులో అమెరికా సుప్రీంకోర్టు, కారు పెడల్‌కు ఎలక్ట్రానిక్ సెన్సర్ తగిలించడాన్ని ఆవిష్కరణగా ఒప్పుకోలేదు. సగటు పనివాడు మరబొమ్మ కాదు, అతనికీ కొంత సృజన ఉంటుందంది. తెలిసిన వస్తువులు తెలిసిన పనే చేసి, ఊహించిన ఫలితమే ఇస్తే దాన్ని తట్టేదిగానే చూడాలంది. దీన్ని తిరగేసి చదువుకోండి, మీ దారి కనిపిస్తుంది. ఊహించని ఫలితం ఉంటే చూపించండి.

ఇంటి దగ్గర ఉదాహరణ చూద్దాం. యాదాద్రి భువనగిరి జిల్లా మోత్కూరు మండలం ముల్కలపల్లి జిల్లా పరిషత్ హైస్కూలు ఆడపిల్లలు ‘స్త్రీ రక్ష’ పేరుతో ప్యాడ్లు చేశారు. చెరువుల్ని కమ్మేసే గుర్రపు డెక్కను ఎండబెట్టి, మెంతి, పసుపు, వేప, సబ్జా గింజల్లాంటివి కలిపారు. అతుకుకు తేనెమైనం వాడారు. ప్లాస్టిక్ లేదు, పారేస్తే మట్టిలో కలిసిపోతుంది. చాలా మంచి పని. ఆ పిల్లల్ని ఊహా మనిషి ముందు నిలబెడితే అతను ఏమంటాడు? పసుపు, వేప క్రిముల్ని అడ్డుకుంటాయని తెలుసు. పీచు తడి పీలుస్తుందని తెలుసు. మైనం అతుకుతుందని తెలుసు. ‘గిండ్ల కొత్తేమున్నది?’

ఇక్కడ తల వంచుకోనక్కర్లేదు. పనిలో ఎదురైన ఇబ్బంది దగ్గరికి వెళ్లాలి. తేనెమైనం 62 నుంచి 64 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. మన ఎండాకాలంలో రేకుల షెడ్డులో పెట్టిన పెట్టె లోపల ఎంత వేడి ఉంటుందో మీకు తెలియంది కాదు. మైనంతో అతికినది ఆ వేడికి జారుతుందా? వాడేటప్పుడు ఒంటి వేడికి, తడికి నిలుస్తుందా? నిలవకపోతే దాన్ని నిలబెట్టడానికి మీరేం చేశారు? మైనంలో ఏదో కలిపారా, గీతగా కాకుండా చుక్కలుగా పెట్టారా, పీచును ముందే వేడిచేశారా? ‘మైనంతో అతికించాం’ అన్నది ఎవరికైనా తట్టేదే. ‘మైనం అతుకు ఎండకు జారకుండా ఇలా చేశాం’ అన్నది తట్టకపోవచ్చు. పేటెంట్ ఉంటే గింటే రెండో వాక్యంలో ఉంటుంది.

దాన్ని కొలవడానికి లాబ్ కావాలని భయపడకండి. ఒకే గుడ్డ, ఒకే వెడల్పు, ఒకే పొడవు అతుకులు కొన్ని పాత పద్ధతిలో, కొన్ని మీ పద్ధతిలో చేయండి. ఒక అంచు మేకుకు తగిలించి, రెండో అంచుకు స్ప్రింగు త్రాసు పట్టి మెల్లగా లాగండి. ఎన్ని కిలోల దగ్గర ఊడిందో రాయండి. పొడిగా ఉన్నప్పుడు, తడిపాక, ఎండలో ఆరు గంటలు పెట్టాక విడివిడిగా లాగి చూడండి. ఒక్కో రకానికి పదేసి ముక్కలు తగ్గకుండా. పాత పద్ధతి గెలిచిన వరుసలు కూడా కొట్టేయకుండా ఉంచండి. అన్ని వరుసల్లోనూ మీరే గెలిచిన పట్టికను నేనైతే నమ్మను, పరిశీలకుడూ నమ్మడు.

చూశాక అన్నీ తేలికే

‘తట్టేదే’ అనేవాళ్లతో ఒక చిక్కుంది. వాళ్లు జవాబు చూశాక మాట్లాడతారు. పొడుపు కథ విప్పాక ‘ఓస్ ఇంతేనా’ అనడానికి ఎవరికైనా నోరొస్తుంది. చట్టం కూడా ఈ వెనుకచూపును ప్రమాదంగానే చూస్తుంది. అందుకే నాగలి తీర్పులోని ఆ పక్క సాక్ష్యాలకు అంత విలువ.

ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్నే తీసుకోండి. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే కొయ్యల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పాలి, ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు. తల్లి లక్ష్మి భుజాల నొప్పి చూడలేక 1992లో మొదలుపెట్టాడు. యంత్రం పూర్తయింది 1999లో. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆ యంత్రాన్ని చూస్తే మోటారు, గేర్లు, అటూ ఇటూ కదిలే చేయి, అన్నీ తెలిసినవే కనిపిస్తాయి. అంత తేలికైతే తరతరాలుగా నేతపనివాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు భుజాలు అరగదీసుకున్నారెందుకు? ఏడేళ్లు ఎందుకు పట్టింది? ఇవి ఉద్వేగం కోసం అడిగే ప్రశ్నలు కావు. తీరని అవసరం, మధ్యలో ఫెయిలైన ప్రయత్నాలు పేటెంట్ తగాదాలో నేరుగా సాక్ష్యానికి పనికొస్తాయి.

కాబట్టి ఫెయిలైన ముక్కల్ని పాత ఇనుము కింద అమ్మేయకండి. ఏ గేరు ఎందుకు తిరగలేదో, ఏ తేదీన వదిలేశారో పక్కన రాసి ఫోటో తీసి పెట్టుకోండి. ఊహా మనిషి గోడ మీదున్నవన్నీ చూసి నేరుగా జవాబుకు వచ్చేవాడైతే మీరు నాలుగు తప్పు దారులు ఎందుకు తొక్కాల్సి వచ్చిందో ఆ నోటుబుక్కే చెప్తుంది. పేజీల నంబర్లున్న బైండు పుస్తకం వాడండి, చింపి పారేసే కాగితాలు వద్దు. పేజీ చివర తేదీ, సంతకం, వీలైతే చూసినవాళ్ల సంతకం కూడా.

ముందు దరఖాస్తు, తర్వాత స్టాలు

ఇక్కడ దెబ్బ తినేవాళ్లు ఎక్కువ. యంత్రం తిరగగానే వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. విలేకరి వస్తాడు, యూట్యూబు వాళ్లు వస్తారు. రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 2019 నుంచి నడుపుతున్న ‘ఇంటింటా ఇన్నోవేటర్’ ఉంది, ఆగస్టు 15న జిల్లా కేంద్రాల్లో స్టాల్ పెడతారు. కార్యక్రమం మంచిది, తప్పకుండా వెళ్లండి, కానీ దరఖాస్తు పడ్డాక వెళ్లండి. మీ యంత్రం ఎలా పనిచేస్తుందో మీరే ముందుగా బయటపెడితే ఆ గోడకు వేలాడే వస్తువుల్లో మీ వీడియో కూడా చేరుతుంది. ఆ తర్వాత మీ దరఖాస్తును ఓడించేది మీరే. సెక్షన్ 31లో ప్రదర్శనలకు ఏడాది మినహాయింపు ఉన్నమాట నిజమే, కానీ అది ప్రభుత్వం గెజెట్‌లో ప్రత్యేకంగా ప్రకటించిన ప్రదర్శనలకే. ప్రతి స్టాలుకూ ఉందనుకుని ధైర్యం చేయకండి.

తొందర ఉన్నవాళ్లకు ప్రొవిజనల్ దరఖాస్తు ఉంది. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో వేస్తే ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు. ఆ రోజు తేదీ మీదవుతుంది, పూర్తి వివరాలు ఇవ్వడానికి 12 నెలలు గడువుంటుంది. ఆ ఏడాదే త్రాసు పట్టుకుని కొలతలు తీసే కాలం. 12 నెలలు దాటితే ఆ తేదీ పోతుంది, బతిమాలినా రాదు. ప్రొవిజనల్‌ను నాలుగు లైన్లలో ముగించేవాళ్లూ ఉన్నారు. మీ తరఫున దరఖాస్తు రాసే పేటెంట్ ఏజెంటు అలా చేస్తానంటే వేరే ఏజెంటును చూసుకోండి. గ్రాహం లాభం రాయక పోగొట్టుకున్నట్టు మీరూ పోగొట్టుకుంటారు. సాగు పద్ధతి మీద మాత్రం ఈ ఖర్చు వద్దు. పసుపులో మక్క అంతరపంటగా ఎంత దూరంలో వేయాలో కొత్తగా కనిపెట్టినా, సెక్షన్ 3(హెచ్) వ్యవసాయ పద్ధతులకు పేటెంట్ ఇవ్వదు.

పరిశీలన కోసం విడిగా కోరాలి, దానికి వ్యక్తులకు రుసుము 4,000 రూపాయలు. ఆ తర్వాత వచ్చేదే మొదటి పరిశీలన నివేదిక. అందులో డీ1, డీ2 అని రెండు మూడు పాత పత్రాలు చూపించి, వీటిని కలిపితే మీది వస్తుంది, తట్టేదే అంటారు. అది చూసి కోపం తెచ్చుకోకండి, దాదాపు ప్రతి దరఖాస్తుకూ అలాగే వస్తుంది. జవాబుకు ఆరు నెలలు టైముంది, అడిగితే ఇంకో మూడు. జవాబులో మీ కష్టం రాయకండి, రైతుల మెప్పు రాయకండి, మంత్రిగారితో దిగిన ఫోటో అసలు పెట్టకండి. డీ1 తెప్పించుకుని మొత్తం చదవండి. అందులో మీ ఇబ్బంది ప్రస్తావన ఉందా? లేకపోతే దాన్ని తీర్చడానికి డీ2 వైపు చూడాలని పనివాడికి ఎందుకు తట్టాలి? డీ1లో మీరు చేసినదానికి ఎదురు చెప్పే వాక్యం ఏదైనా ఉందా, అంటే ‘వేడి ఎక్కువ చేయరాదు’ అని వాళ్లు రాస్తే మీరు వేడి పెంచి గెలిచారా? ఉంటే దాన్ని పేజీ నంబరుతో సహా మొదటి పేరాలోనే పెట్టండి. దాని కింద మీ పట్టిక. పట్టిక కింద, ఆ లాభం మీ అసలు దరఖాస్తులో ఏ పేజీలో ఉందో. క్లెయిము మరీ వెడల్పుగా రాసి ఉంటే ఇరుకు చేసుకోవడానికి వెనకాడకండి. ‘పసుపు తవ్వే ఏ యంత్రమైనా’ అన్న క్లెయిము నిలవదు, ఫలానా కోణంలో ఫలానా ఊపుతో జల్లెడ కర్రుకు అమరినది అన్నది నిలవొచ్చు. అంతా అయ్యాక కూడా పరిశీలకుడు ఒప్పుకోకపోతే హియరింగ్‌కు పిలుస్తారు. ఇప్పుడది వీడియో కాన్ఫరెన్స్‌లోనే జరుగుతుంది, చెన్నై రైలెక్కే పని లేదు. నోటుబుక్కు, పట్టిక, డీ1 ముందు పెట్టుకుని కూర్చోండి. వేడి, తడి, బరువు గురించి అడిగితే ఏజెంటు తడబడతాడు, మీరు తడబడరు. ఆ ప్రశ్నలు వచ్చినప్పుడు మైకు మీరు తీసుకోండి.